పండగకు ముందు పెట్టిన ముద్ద

అజోకె చేతుల్ని చూస్తే ఆడమనిషి చేతులని ఎవరూ అనుకోరు. అరచేతులు బండబారిపోయి, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ తెల్లటి రాతిపొడి ఉంటుంది. ఎంత తోమినా అది పోదు. ఆమె తోమడం మానేసి కూడా చాలా కాలమైంది. ఒకెతా ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ బతుకు అదే. కొండవార బండ మీద మంట వేస్తారు. అది కాగి బీటలిచ్చాక సమ్మెటతో పగలగొడతారు. ఆ ముక్కలు ముందేసుకుని కూర్చుని సుత్తితో కంకర చేస్తారు. పోగు పెద్దదయ్యాక దస్సా పట్నం రోడ్డు మీంచి లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. మళ్ళీ ఇంకో బండ. పెద్ద కొండల జోలికి మాత్రం ఎవరూ పోరు, అవి వేలుపులవి. ఏ వేలుపూ కాపురం లేని గుట్ట ఒకటి చూసుకుని, అక్కడ కూడా ఎందుకైనా మంచిదని కాసిని నీళ్ళు పోసి, కోప్పడకు తల్లీ, కడుపు కోసం అని చెప్పుకుని అప్పుడు సమ్మెట ఎత్తుతారు.

అజోకె మొగుడు పెళ్ళయిన కొన్నేళ్ళకే పత్తి బస్తాల లారీ మీంచి జారిపడి పోయాడు. పుట్టిన ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారు. అలాంటి ఆడదాన్ని మా వైపు ఏమంటారో ఇక్కడ చెప్పడం నాకిష్టం లేదు. పుట్టింటికి పంపెయ్యమన్నారు కొందరు. వరసకి మరిదయ్యేవాడికి అంటగట్టమన్నారు ఇంకొందరు. ఆమె మామ ఒగుందెలె అందరి మాటా విన్నాడు. ఆయన అన్నీ వినేవాడు, అదే ఆయన గొప్ప. విని, ఈమెని పంపేస్తే నాకు పెండలం ఎవడు దంచుతాడు, నీ పెళ్ళామా అని ఒకడి మొహం మీదే అడిగాడు. అంతటితో ఆ గొడవ ముగిసింది. అప్పటినుంచీ అజోకె ఆ ఇంట్లోనే ఉండిపోయింది, కోడలిగా కాదు, కూతురిగా.

పెండలం దంచడమంటే ఆషామాషీ పని కాదు. ఉడికిన దుంపని రోట్లో వేసి, రోకలి ఎత్తి ఎత్తి వేసి, వెన్నలా సాగేదాకా దంచాలి. రాయి కొట్టిన చెయ్యి కదా, అజోకె దంచితే ముద్దలో ఒక్క పలుకు ఉండేది కాదు. అయినా ముసలాయన ఊరుకుంటేగా. అరుగు మీద కూర్చుని ముద్ద చిదిమి చూసి, "ఇందులో నీ కంకర కలిసినట్టుందే పిల్లా" అనేవాడు. "పళ్ళు లేని నోటికి కంకరైతేనేం మామా, గుటుక్కున మింగండి" అనేది ఆమె. ఆ వెటకారాలే వాళ్ళిద్దరి మధ్యా ముద్దూ ముచ్చటా. గుమ్మడి గింజల పులుసూ, ఎర్రగా వేయించిన జున్ను ముక్కలూ ఉన్న రోజైతే ఆయన ఆ వంక కూడా పెట్టేవాడు కాదు, తిని వేళ్ళు నాకేవాడు.

ఒగుందెలె ఆ వంశానికంతటికీ పెద్ద. ఏటా కొత్త పెండలం వచ్చినప్పుడు ముందు ఇంటి వేలుపు తినాలి, ఆ తరవాత ఆయన తినాలి, ఆ తరవాతే మిగతా ఇల్లు ముట్టుకోవాలి. వేలుపు గదిలో నేల కింద తాత ముత్తాతలు పడుకుని ఉంటారు. ఆడవాళ్ళు గడప దగ్గరే ఆగిపోవాలి. ఆయన లోపల నేల మీద నీళ్ళు పోస్తూ, ఒక్కొక్క పెద్దాయన పేరూ పిలిచి, లేచి తినండి అంటాడు. ప్రతి పేరుకీ బయటి నుంచి అందరూ "అషే" అని, అంటే అలాగే జరగాలని, బదులివ్వాలి. పేరు పిలుస్తున్నంత కాలం ఆ మనిషి ఇంకా ఇంట్లో ఉన్నట్టే. పిలవకపోతే ఎక్కడ తిరుగుతున్నాడో, ఏ పొదలో ఆకలితో ఉన్నాడో ఎవరికీ తెలీదు. మాకు చావంటే అంత భయం లేదు గానీ, అదంటే భయం.

అజోకెకి ఆ భయం మరీ ఎక్కువ. పిల్లల్లేని దాని పేరు ఎవరు పిలుస్తారు? ఒకసారి ముసలాయనతో ఆ మాట అనేసింది కూడా. ఆయన ముక్కుపొడుం పీలుస్తూ తేలిగ్గా తీసిపారేశాడు. "నేను ముందు పోతాను కదే. నువ్వొచ్చేసరికి పెద్దలున్న ఆ గుమ్మంలోనే కూర్చుని ఉంటా. ఇది నా మనిషి, దారివ్వండి అంటాను. నా మాట కాదనే మొనగాడు ఎవడున్నాడక్కడ?" ఆ మాట ఆమె మనసులో దాచుకుంది. రాళ్ళు కొడుతూ ఎప్పుడైనా గుర్తొస్తే ఆమెకు ధైర్యంగా ఉండేది.

ఆయన మంచం పట్టిన ఏడాది వానలు ఆలస్యమయ్యాయి. కొత్త పెండలం పండగ వెనక్కి జరిగింది. జోస్యం చెప్పే పెద్దలు గింజలు వేసి చూసి, ఇంకా కాదు, ఇంకా కాదు అంటూనే ఉన్నారు. గాదెల్లో పాత పెండలం ఎప్పుడో అయిపోయింది. ఇంటింటా ఎండు పెండలం పిండితో చేసిన నల్ల సంకటే. చోద్యం ఏమిటంటే, దస్సా కూడలిలో కొత్త పెండలాలు అప్పటికే గుట్టలు పోసి అమ్ముతున్నారు. బస్సుల్లో దిగిన వాళ్ళు, చర్చికి పోయేవాళ్ళు, ఎక్కడెక్కడి వాళ్ళో కొనుక్కుని తింటున్నారు, ఎవరికీ ఏమీ కావడం లేదు. మా పాత ఇళ్ళవాళ్ళం మాత్రం ఆ గుట్టల పక్కనుంచి మొహం తిప్పుకుని నడిచిపోతాం. నవ్వేవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

ముసలాయన తిండి మానేశాడు. నల్ల సంకటి నోటి దగ్గర పెడితే గోడవైపు తిరిగేవాడు. గంజి పోస్తే పెదవి పక్కనుంచి కారిపోయేది. ఆస్పత్రి నుంచి వచ్చిన నర్సు, వయసైపోయిందమ్మా, ఏది అడిగితే అది పెట్టండి అని చెప్పి వెళ్ళింది. ఆయన అడిగింది ఒక్కటే. తెల్ల ముద్ద. మొదట్లో కోరికగా అడిగాడు. తరవాత పసివాడిలా అడిగాడు. చివరికి అడగడం మానేసి, రోలు ఉన్న మూలకేసి చూస్తూ పడుకునేవాడు. పండగ వస్తోంది మామా, వచ్చేస్తోంది అని అజోకె చెప్పేది. తన మాట తనకే అబద్ధంలా వినిపించేది.

ఈ సంగతి రాతిగుట్ట దగ్గర ఫిలొమెన్‌తో చెప్పుకుంది. ఫిలొమెన్ ఆమె పక్కనే కూర్చుని కంకర కొట్టే మనిషి, మేరీమాత భక్తురాలు, నోరు కాస్త పెద్దది. "మా దేవుడు దుంపల దగ్గర కాపలా కూర్చోడమ్మా, ఆయనకి వేరే పనులున్నాయి" అని ఎకసెక్కం చేసింది. చేసింది గానీ, మర్నాడు గంప అడుగున ఒక పెండలం పెట్టుకుని తెచ్చి, పైన గుడ్డ కప్పి, అజోకె పక్కన పెట్టింది. మంచి జాతి దుంప, మట్టి ఇంకా తడారలేదు.

దాన్ని ఎదురుగా పెట్టుకుని అజోకె ఎంతసేపు ఆలోచించిందో. ఆమె ఆలోచన ఇలా సాగింది. ఇంట్లో కొత్త పెండలం ముందు తినాల్సింది ఎవరు? మామ. ఇప్పుడు తినేది ఎవరు? మామే. తినకూడని నోరు ఏదీ తినడం లేదు కదా. వేలుపు వాటా ఒకటే లోటు. అది మాత్రం ఆడది తను పెట్టడానికి వీల్లేదు, పెడితే అంతకన్నా పెద్ద తప్పు. వేలుపుకి ఆయన మీద కోపం రాదు, ఇన్నేళ్ళు చేతులారా తినిపించిన మనిషి, ఒక్కసారి ముందు తిన్నాడని వాకిలి మూస్తుందా? ప్రేమ ఉన్నచోట మనిషి బుద్ధి ఇలాగే తనకి కావలసిన దారి వెతుక్కుంటుంది. పట్నంలో చదువుకున్న వాడైతే ఇంత ఆలోచించేవాడే కాదు, కొని పెట్టేసేవాడు. మా నమ్మకం గట్టిగా ఉన్నవాళ్ళు మాత్రమే ఇలాంటి తప్పు చెయ్యగలరు.

మగవాళ్ళంతా చేలల్లో ఉన్న పూట చూసి ఉడకబెట్టింది. దంచితే రోకలి చప్పుడు వాడంతా వినిపిస్తుందని, చిన్న రాతితో గిన్నెలోనే మెదిపింది. వేడి ఆరకుండా తీసుకెళ్ళి ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. ఆవిరి తగలగానే ముసలాయన కళ్ళు తెరిచాడు.

"కొత్తది" అన్నాడు.

ఆయనకి తెలియదనుకుంది అజోకె, తెలియకుండా పెట్టేద్దామనుకుంది. గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది. ముసలాయన ఆమె మొహంకేసి కాసేపు చూశాడు. ఆ చూపులో మతిలేనితనం ఏమీ లేదు, అన్నీ తెలిసిన చూపు. ఆ తరవాత నోరు తెరిచాడు.

చిన్న చిన్న ముద్దలు పెట్టింది. ఎన్ని రోజులకో ఆయన గొంతు కదలడం చూసి ఆమెకి ఏడుపొచ్చింది. చివరి ముద్ద నోట్లో పెట్టాక, ఆయన చెయ్యి కాస్త ఎత్తి ఆపాడు. "దీన్ని ఇప్పుడే మింగను. కాసేపు ఉండనీ" అన్నాడు. అలాగే మామా, ఉంచుకోండి అంది. ఆయన కళ్ళు మూసుకుని పడుకున్నాడు, మొహం తేటగా ఉంది. ఆమె గిన్నె కడగడానికి బయటికి వెళ్ళింది. తొక్కల్ని పెరట్లో లోతుగా పూడ్చింది. తిరిగి వచ్చేసరికి ఆయన పోయాడు.

ఆ క్షణంలో ఆమె ఏడ్చింది, కేకలు పెట్టింది, పెదవులు తడిగుడ్డతో తుడిచింది, గడ్డం కట్టింది. చెయ్యాల్సినవన్నీ చేసింది. ఆయన నోరు తెరిచి చూడాలని మాత్రం తోచలేదు. ఆ ఒక్క పని చేసి ఉంటే ఈ కథ నేను చెప్పేవాడినే కాదు.

శవానికి స్నానం చేయించేది ఇంటి మగవాళ్ళు. ఒగుందెలె తమ్ముడు అకంబి, ఇంకో ముగ్గురు లోపలికి వెళ్ళారు. బయట ఆడవాళ్ళు ఆయన మంచితనం చెప్పుకుని ఏడుస్తున్నారు. వేలుపు గదిలో కుర్రవాళ్ళు అప్పటికే నేల తవ్వడం మొదలుపెట్టారు. ఉన్నట్టుండి లోపలి నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. చాలాసేపు ఎవరూ బయటికి రాలేదు. తరవాత అకంబి గుమ్మంలోకి వచ్చి, మొహం కందిపోయి, తవ్వడం ఆపండి అన్నాడు. ఆ మాటతో అజోకెకి అర్థమైంది. ఊరంతా నల్ల సంకటి తినే రోజుల్లో పెద్దాయన బుగ్గలో తెల్ల ముద్ద దొరికింది. అది ఎక్కడిదని అడగక్కర్లేదు.

వేలుపు కన్నా ముందు కొత్త పెండలం తిన్నవాడిని ఆ నేల కింద పెట్టరు. తిన్నవాడు ఇంటి పెద్దే అయితే మరీ. ఆయన పేరు పిలవరు. ఆయన కోసం ఏడవరు. ఇందులో ఎవరి పగా లేదు, అదే దీనిలో ఉన్న నరకం. అకంబికి అన్న అంటే ప్రాణం. ఆ నలుగురిలో ముగ్గురు ముసలాయన చేతిమీద పెరిగిన వాళ్ళే.

పెద్దలు వేపచెట్టు కింద కూర్చున్నారు. ఎవరూ పిలవకుండానే అజోకె వెళ్ళి వాళ్ళ ముందు నేల మీద మోకరిల్లింది. ముద్ద నేను పెట్టాను అంది. దుంప ఎక్కడిదో చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. వాళ్ళు అడిగింది వేరు.

"ఆయనకి తెలుసా?" అన్నాడు అందరిలోకీ పెద్దాయన. "కొత్తదని తెలిసే తిన్నాడా?"

ఆ మాట మీదే అంతా ఆగి ఉందని ఆమెకి తెలుసు. తెలియక తిన్నవాడికి దారి ఉంటుంది, మేకపోతునిచ్చి కడుక్కోవచ్చు. తెలిసి తిన్నవాడికి లేదు. తనకేమవుతుందన్నది ఆమె లెక్కలోనే లేదు.

"తెలీదు" అంది. "ఆయనకి మతి లేదు. పాతదేనని చెప్పి పెట్టాను. పాపం నాది, ఆయనది కాదు."

వేలుపు గుమ్మం ముందు ఒట్టు వెయ్యమన్నారు. వేసింది. అకంబి ఊపిరి పీల్చుకోవడం ఆమెకి వినిపించింది. వాళ్ళందరూ నమ్మారు, నమ్మాలనే కూర్చున్నారు మరి. ఇక మిగిలింది వేలుపు ఒప్పుకోవడమే. పెద్దాయన వేలుపు మాట చెప్పే కోలా గింజని నాలుగు పలుకులుగా విడదీసి, ఈయన్ని లోపలికి తీసుకుంటావా అని అడిగి గడప మీద వేశాడు. నాలుగు పలుకులూ బోర్లా పడ్డాయి, అంటే వద్దని. నీళ్ళు చల్లి, బతిమాలి, మళ్ళీ వేశాడు. మళ్ళీ బోర్లానే. మూడోసారి అకంబి తానే తీసుకున్నాడు. అన్నయ్యా, నువ్వైనా చెప్పు అంటూ వేశాడు. ఒక్క పలుకు తిరగబడబోయి, ఆగి, బోర్లా పడింది.

అజోకె ఆ పలుకుల్ని చూస్తూ ఉండిపోయింది. ఆయన తెలిసి తిన్నందుకు కాదన్నదా? తను గడప ముందు అబద్ధమాడినందుకు కాదన్నదా? నిజం చెప్పి ఉంటే పెద్దలు తలుపు మూసేవారు. అబద్ధం చెబితే వేలుపు మూసింది. ఎటు నడిచినా ఆయన్ని బయటికి నెట్టింది తనే. తిండి పెట్టిన చేత్తోనే నెట్టింది.

పొద్దు వాలకముందే ఆయన్ని పెరటి దారిన తీసుకుపోయారు. గుమ్మంలోంచి తీసుకుపోకూడదు కాబట్టి గోడ కొంత పడగొట్టారు. డప్పు లేదు, పాట లేదు. కొండ అవతల ఎవరూ సాగు చెయ్యని నేలలో పెట్టి, మీద రాళ్ళు పేర్చారు. ఆ రాళ్ళు ఆడవాళ్ళు పగలగొట్టినవే, దగ్గర్లో అవే ఉన్నాయి. ఏడవకూడదన్నారు గనక ఎవరూ ఏడవలేదు. ఆడవాళ్ళు నోట్లో గుడ్డలు కుక్కుకున్నారు. అజోకె ఇంటికొచ్చి, పడగొట్టిన గోడ దగ్గర కూర్చుని, మట్టి కలిపి కట్టడం మొదలుపెట్టింది. ఎవరో ఒకరు కట్టాలి కదా.

ఆమెని ఎవరూ వెళ్ళగొట్టలేదు. తిట్టినా బాగుండేది. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చేవారు, అంతకు ముందు ఎప్పుడూ ఇవ్వనంత చోటు. ఫిలొమెన్ ఒక్కతే గుట్ట దగ్గర వెక్కి వెక్కి ఏడ్చింది, నేను తేకుండా ఉండాల్సింది అని. మీ దేవుడినడుగు, నాకేం తెలుసు అంది అజోకె. ఆ తరవాత ఇద్దరూ పొద్దుగూకేదాకా కంకర కొట్టారు.

పండగ రానే వచ్చింది. ఆ మాయదారి జోస్యం ఇంకొన్నాళ్ళు ముందు ఒప్పుకుని ఉంటే ఏం పోయేదో. అకంబి ఇంటి పెద్దగా లోపలికి వెళ్ళాడు. నీళ్ళు పోస్తూ పేర్లు పిలిచాడు. ముత్తాత పేరు, తాత పేరు, తండ్రి పేరు. ప్రతి పేరుకీ గడప బయటి నుంచి అషే అన్నారు, అజోకె కూడా అంది. తండ్రి పేరు తరవాత అకంబి గొంతు ఒక్క క్షణం ఆగింది. ఆ తరవాత, లేచి తినండి అన్నాడు. అంతే. ఒగుందెలె అనే మనిషి ఆ ఇంట్లో ఎప్పుడూ లేనట్టే అయిపోయింది. గుమ్మంలో కూర్చుని ఆమె కోసం ఎదురుచూసేవాళ్ళు ఇక ఎవరూ లేరు. అయినా ఆమె తనకోసం ఏడవడానికి సిగ్గుపడింది. అందరితో పాటు తన వాటా తింది. తినకపోతే ఇంటికి కీడంటారు. ముద్ద రుచిగానే ఉంది, అందుకే ఆమెకు తన మీద అసహ్యం వేసింది.

మర్నాడు ఆమె అకంబి ఇంటికి వెళ్ళింది. నిజం చెప్పేద్దామని నిశ్చయించుకుంది. ఒట్టు తప్పని, ఆయనకి మతి ఉందని, తెలిసే నోరు తెరిచాడని. చెప్పి, అబద్ధం తనదని ఒప్పుకుని, వేలుపు కోపం ఆ అబద్ధం మీదేనేమో, ఇంకొక్కసారి కోలా వెయ్యమని కాళ్ళు పట్టుకుందామనుకుంది. అకంబి అరుగు మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఆమెని చూడగానే కూర్చోమన్నాడు. అంత దయగా ఈ మధ్య ఎవరూ ఆమెతో మాట్లాడలేదు.

"ఒక్క మాట చెబుతాను, ఎవరితోనూ అనకు అమ్మాయీ" అన్నాడు గొంతు తగ్గించి. "పొద్దున్నే చేనుకి పోతూ కొండ అవతల ఆగుతున్నాను. ఆ రాళ్ళ మీద నీళ్ళు పోసి, పేరు పిలిచి వస్తున్నాను. చెయ్యకూడదు, నాకు తెలుసు. కానీ ఆయనకి తెలీదు కదా. తెలీకుండా తిన్నాడని నువ్వు గడప ముందు ఒట్టేశావు. ఆ ఒక్క మాట పట్టుకునే ధైర్యం చేస్తున్నాను. తెలిసి తిన్నాడనే అనుమానం గోరంత ఉన్నా నా చెయ్యి లేవదు, ఈ ఇంటి పిల్లల మీద ఆ కీడు నేను తేలేను." ఆగి, కళ్ళు తుడుచుకుని అడిగాడు. "నువ్వేదో చెప్పాలని వచ్చినట్టున్నావు. ఏమిటది?"

అజోకె తన చేతులకేసి చూసుకుంది.

"ఏం లేదు చినమామా. ఇంట్లో ఉప్పు నిండుకుంది, కాస్త ఇప్పిస్తారేమోనని."

అకంబి లోపలికి వెళ్ళి దోసెడు ఉప్పు ఆకులో పొట్లం కట్టి తెచ్చాడు. ఆమె మోకాలు వంచి, రెండు చేతులా అందుకుని, ఇంటికి తెచ్చి, నిండుగా ఉన్న ఉప్పు కుండలో పోసింది.